సంచి మీది పేరు

క్రిస్మస్‌కు కొద్ది దినముల ముందు మా షోలాపూర్ సంఘములోని ఒక అమ్మాయి కొత్త చేతిసంచి తెచ్చి, "తాతగారూ, ఇది అసలుదేనా చూడండి" అని మా చేతికిచ్చినది. దాని మీద లూయీ విట్టన్ అను ఫ్రెంచి కంపెనీ పేరున్నది. వెల 1200 రూపాయలు. మేము నోరు తెరవకముందే ఆమె నవ్వినది. నకిలీదని ఆమెకు తెలుసు. చూచువారికి తెలిసిపోవునా అన్నదే ఆమె ప్రశ్న.

నకిలీని కనిపెట్టుట అంత కష్టము కాదు. ఆ కంపెనీ తన సొంత దుకాణముల ద్వారానే గాని వీధి అంగళ్లలో సరుకు అమ్మదు గనుక వెలయు, అంగడియు సగము సంగతి చెప్పివేయును. మిగిలినది చేతితో చూడవలెను. కుట్లు ఎడమెడముగా, వంకరగా ఉన్నవా? జిప్పు పట్టుచున్నదా? కోసిన అంచున నిజమైన తోలుకు నారలు కనబడును. రెగ్జిన్‌కైతే గుడ్డ మీద పూసిన పొర కనబడును. అయితే ఇక్కడ ఒక చిత్రమున్నది. అక్షరముల గుర్తుతో పేరుపొందిన ఆ కంపెనీ సంచులు చాలమట్టుకు తోలువి కావు, పూత పూసిన కాన్వాసువి. నకళ్లను అరికట్టవలెననియే 1896లో ఆ గుర్తును కల్పించిరి. నేడు వీధి అంగళ్లలో వ్రేలాడునది ఆ గుర్తే!

తెలియక కొన్నవారు మోసపోయినవారు. తెలిసి కొన్నవారి మాటేమిటి? 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము నకిలీ గుర్తు వేసినవానికి, అమ్మినవానికి మూడేండ్ల వరకు జైలుశిక్ష విధించును. సొంత వాడుకకు కొన్నవారిని ఆ శిక్ష ముట్టదు. అంగడివాడు ఆ అమ్మాయిని మోసగించలేదు. 1200 రూపాయలకు తగిన సంచియే ఇచ్చినాడు. మోసమున్నదంటే అది పెండ్లిలో ఆమె పక్కన కూర్చుండువారి కొరకు కొన్నది.

"అంత ధనికుల కంపెనీకి దీనివలన పోయినదేమి?" అని యౌవనస్థులు అడుగుదురు. ఆ మాటలో కొంత న్యాయము మాకును తోచును. ఒక సంచికి లక్షలు పోయుటను మేమును మెచ్చుకొనము.

అయితే నకలు ధనికులకే తగులునా? కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. మహారాష్ట్రలో 4, కర్ణాటకలో 4 జిల్లాలకు ఆ హక్కు కలదు. మా షోలాపూర్ అందులో ఒకటి. చెట్టు బెరడు, కరక్కాయలతో పదును చేసిన తోలును మేకులు లేకుండ తోలు దారముతోనే కుట్టుట దాని పద్ధతి. చేతిపని గనుక ఏ రెండు జతలును అచ్చముగా ఒక్కటే రంగులో ఉండవు. బజారులో రెగ్జిన్ జతలను అదే పేరున చవుకగా అమ్ముచుండగా, చేతిపనివాని కూడు పోవుచున్నది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా ఇట్టి చెప్పులనే మిలాన్‌లో ప్రదర్శించి, మన దేశము పేరైనను ఎత్తలేదు. గోల లేచిన తరువాతనే ఒప్పుకొన్నది. అప్పుడు మన పిల్లలకు వచ్చిన కోపము న్యాయమైనదే. గాని ఆ కోపగించినవారిలో కొందరి భుజముల మీదనే ఇట్టి సంచులున్నవి.

ఇంకొక మాట చెప్పుటకు కొంత సంకోచించుచున్నాము. ఒంగోలు, నెల్లూరు సీమలలో మన అనేక కుటుంబముల ముత్తాతలు లందలో తంగేడు చెక్కతో తోళ్లు నానబెట్టి, ఆరె, రంపె పట్టి మోటబానలు, చెప్పులు కుట్టినవారే. ఊరి పొలము తడిసినది వారి పనితోనే. దాని మీద వారి పేరు ఎవ్వరును వేయలేదు. ఆ పని పేరు చెప్పుకొనుటకు చదువుకొన్న మనమే సిగ్గుపడితిమి. మేమును ట్రైనింగు స్కూలులో మా తాత వృత్తి అడిగినప్పుడు "వ్యవసాయము" అని వ్రాసితిమి. అదియు నకిలీ చీటీయే గదా.

ఈ సంగతులన్నియు ఆ అమ్మాయితో చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే దీనిని పారవేయాలా తాతగారూ?" అన్నది. పారవేయనక్కరలేదు, ఎవరైన అడిగినచో ఏమి చెప్పెదవో చూచుకొమ్మంటిమి. క్రిస్మస్ ఆరాధన అయిన తరువాత వరండాలో ఒక అత్తమ్మ అడుగనే అడిగినది. "నకిలీదే అత్తమ్మా, 1200 రూపాయలు" అన్నది ఆ అమ్మాయి. అత్తమ్మ సంచిని తిప్పి తిప్పి చూచి, ఏ అంగడిలో కొన్నావని అడిగినది.