గతం గురించి అబద్ధం ఎందుకు?



మన పిల్లలు పంచశీల గడగడా చెప్తారు. కానీ పెళ్లి మాటల్లో "ఇంతకుముందు ఎవరితోనైనా సంబంధం ఉందా?" అని అడిగితే, చాలామంది నాలుగో శీలాన్ని గడప బయటే వదిలేస్తారు. ఎందుకని?

గమనించండి. అబ్బాయి స్నేహితుల దగ్గర లేనిది ఉన్నట్టు చెప్తాడు. అమ్మాయి ఉన్నది లేనట్టు చెప్తుంది. రెండు అబద్ధాలకీ కొలత ఒక్కటే: అదే పని మగవాడికి గొప్ప, ఆడపిల్లకి మచ్చ.

ఈ కొలత ఎక్కడిది? 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో బాబాసాహెబ్ దీని మూలం చూపించారు. కులం లోపలే పెళ్లి అనే కట్టుబాటు మీదే కులం నిలబడిందన్నారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టుబాటును కాపాడే ఉపాయాలన్నారు. అంటే ఆడపిల్ల ఒంటికి కాపలా కాయడం కులానికి కాపలా కాయడమే. మనం కులాన్ని వదిలి ధమ్మంలోకి వచ్చాం. ఆ కాపలా కర్ర మాత్రం ఇంట్లోనే దాచుకున్నాం. కర్ర చూస్తున్న పిల్ల నిజం ఎలా చెప్తుంది?

అలాగని అబద్ధం ఒప్పు అయిపోదు. మజ్ఝిమ నికాయంలో బుద్ధుడు రాహులుడికి అబద్ధం గురించే బోధించారు. నవ్వులాటకి కూడా అబద్ధమాడొద్దన్నారు. అశోకుడు తన బైరాట్ శాసనంలో భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినాలని కోరిన బోధల్లో ఇదొకటి. అద్దంలో ముఖం చూసుకున్నట్టు ప్రతి పనినీ చూసుకోమని అందులో ఉంది: దీనివల్ల నాకు గానీ ఎదుటివారికి గానీ హాని ఉందా?

మన విషయానికీ అదే అద్దం పట్టండి. ఇష్టపడి, తర్వాత విడిపోయినవాళ్ల గతం వేరు. ఆశపెట్టి మోసం చేసినవాడి గతం వేరు. మూడో శీలం పట్టుకునేది ఆ రెండోదాన్ని.

యువతీ యువకులారా! ప్రతి వివరం అందరికీ చెప్పనక్కర్లేదు. "అది నా సొంత విషయం" అనడం అబద్ధం కాదు. కానీ ముందే పెళ్లయిందా, ఇంకా నడుస్తున్న సంబంధం ఉందా, హెచ్‌.ఐ.వి. లాంటి జబ్బు ఉందా — ఇవి దాస్తే ఎదుటివారి బతుకు పాడవుతుంది. పెళ్లికి ముందే చెప్పాలి. అనుమానముంటే ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ కేంద్రానికి వెళ్లండి. పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం.

పెద్దలారా! తప్పు జరిగితే గురువుకో తెలివైన తోటివారికో విప్పి చెప్పి, ఇకపై జాగ్రత్తపడమని బుద్ధుడు రాహులుడికి చెప్పారు. విప్పి చెప్పాలంటే వినే మనిషి ఉండాలి కదా! ఈ పున్నమికి పంచశీల అయ్యాక, మీ కొడుకుకీ కూతురికీ ఒకే మాట ఇవ్వండి: "నిజం చెప్పు, నిన్ను కొట్టను, వెళ్లగొట్టను." ఆ మాట మీద నిలబడండి.

భవతు సబ్బ మంగళం!