సత్యకాముడికి పాఠం చెప్పిందెవరు?

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో ఒక విచిత్రమైన గురుకులం కనిపిస్తుంది. చదువుకుంటానని వచ్చిన కుర్రవాడికి గురువు పాఠం మొదలుపెట్టకుండానే ఆవులను అప్పగించి పంపేస్తాడు. ఆ కుర్రవాడు సత్యకాముడు, తల్లి జబాల. తన గోత్రమేమిటో తల్లికి కూడా తెలియదని దాచకుండా చెప్పినందుకే హారిద్రుమత గౌతముడు అతణ్ని శిష్యుడిగా స్వీకరించి ఉపనయనం చేశాడు. ఆ వెంటనే బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను మందలోంచి వేరుచేసి, వాటి వెంట వెళ్లమన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని సత్యకాముడు తనకు తానే ఒక లెక్క పెట్టుకుని బయలుదేరాడు. ఏళ్ల తరబడి ఆశ్రమానికి దూరంగా ఉండిపోయాడు.

గురువు దగ్గర లేడు. పాఠం లేదు. అయినా చదువు ఆగలేదు. ఏప్రిల్ చివరి వారంలో బడికి తాళం పడిన దగ్గర్నుంచి జూన్ రెండో వారంలో మళ్లీ గంట మోగేదాకా పిల్లలను ఏం చేయాలా అని తల పట్టుకునే తల్లిదండ్రులకు ఈ కథలో దారి దొరుకుతుంది.

ఇప్పుడు చాలా ఇళ్లలో రెండే మార్గాలు. పై తరగతి పుస్తకాలు ముందే కొనిచ్చి కోచింగ్‌లో చేర్పించడం ఒకటి. చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి, ఎండకు బయటికి వెళ్లకపోతే చాలనుకోవడం రెండోది. మొదటిదానిలో పిల్లవాడికి విరామం దొరకదు, రెండోదానిలో ఎదుగుదల ఉండదు. మన పెద్దలకు మూడో మార్గం తెలుసు. వేదాధ్యయనానికి ప్రతి పక్షంలోనూ అనధ్యయన దినాలున్నాయి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్యల్లో కొత్త పాఠం చెప్పరు. శ్రావణంలో ఉపాకర్మతో మొదలైన అధ్యయనానికి కొన్ని నెలల తర్వాత ఉత్సర్జనంతో విరామమిచ్చేవారు. ఆ తర్వాత శుక్లపక్షాల్లో వేదం, కృష్ణపక్షాల్లో వ్యాకరణం, ఛందస్సు, జ్యోతిషం వంటి వేదాంగాలు చదవాలని ధర్మశాస్త్రం చెప్పింది. అంటే విరామంలో చదువు తీరు మారేది, చదువు మాత్రం మానేవారు కారు.

గౌతముడు చేసిన మొదటి పని శిష్యుడికి ఒక బాధ్యత ఇవ్వడం. అదీ తేలికైనది కాదు. బలిసిన ఆవులను కాయడం ఎవరికైనా వస్తుంది. చిక్కిపోయినవాటిని బతికించి పెంచాలంటే ఏ ఆవు మేత ముట్టడం లేదో, ఏది కుంటుతోందో రోజూ కనిపెట్టాలి. ఆ కనిపెట్టడమే విద్యకు మొదటి మెట్టు. మన పిల్లలకు ఆవులు లేకపోవచ్చు. డాబా మీద పిట్టలకు పెట్టే నీళ్ల మూకుడు, నాలుగు మొక్కలు, పాల లెక్క, వీధి చివర చలివేంద్రంలో ఒక గంట సేవ ఉన్నాయి. వైశాఖంలో దాహం తీర్చడాన్ని మించిన పుణ్యం లేదంటారు. కుండలో నీళ్లు అయిపోకముందే నింపాలని పిల్లవాడికి ఎవరూ చెప్పకుండా తట్టిన రోజున వాడు ఒక పెద్ద పాఠం నేర్చుకున్నట్టే. ఆవకాయ పెట్టే రోజున కొలతల పని పిల్లకు అప్పగించండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ముక్కలకు తగ్గట్టు ఆవపిండి, కారం, ఉప్పు కొలిచేసరికి భిన్నాలంటే భయం సగం తీరుతుంది.

ఆవులు వెయ్యి అయ్యాయి. అప్పుడు మందలోని వృషభమే సత్యకాముడితో మాట్లాడింది. బ్రహ్మానికి నాలుగు పాదాలున్నాయని, అందులో ఒకటి తాను చెబుతానని అంది. రెండో పాదం అగ్ని, మూడోది హంస, నాలుగోది మద్గువనే నీటిపక్షి చెప్పాయి. ఉపనిషత్తు చెప్పేది బ్రహ్మోపాసన. దాని లోతు వేరు. అయినా ఆ నాలుగు పాఠాల్లో ఏమేం వచ్చాయో చూస్తే, కళ్లు తెరిచి లోకాన్ని చూడటం కూడా ఉపాసనలో భాగమేనని అర్థమవుతుంది.

వృషభం చెప్పిన పాదంలో నాలుగు దిక్కులున్నాయి. సెలవుల్లో పిల్లలను తెల్లవారుజామున డాబా మీదికి తీసుకెళ్లి, సూర్యుడు ఏ చెట్టు పక్కన, ఏ మేడ వెనక ఉదయిస్తున్నాడో గుర్తుపెట్టించండి. వారం తర్వాత మళ్లీ చూపించండి. ఉదయించే చోటు ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. ఉత్తరాయణమనే మాట అప్పుడు కంటికి కనిపిస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి మే మూడో వారం లోపు తెలుగునాట ప్రతి ఊళ్లోనూ ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణంలో పక్కకు నీడ పడదు. హైదరాబాద్‌లో అది మే 9 ప్రాంతంలో వస్తుంది. సెలవుల్లోనే వచ్చే ఈ పాఠాన్ని ఎన్ని ఇళ్లలో చూపిస్తున్నాం?

అగ్ని చెప్పిన పాదంలో భూమి, అంతరిక్షం, ద్యులోకం, సముద్రం ఉన్నాయి. అమ్మమ్మగారి ఊరికి వెళ్తూ రైలు రాజమహేంద్రవరం వంతెన ఎక్కగానే పిల్లల చేతికి నాణెమిచ్చి గోదావరిలో వేయమంటాం. ఆ నాణెంతో పాటు నాలుగు మాటలు కూడా ఇవ్వాలి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి ఈ తల్లి సముద్రంలో కలుస్తుందని, అందులో వశిష్ఠ పాయ అంతర్వేది నరసింహస్వామి సన్నిధిలో సాగరం చేరుతుందని చెబితే, పిల్లలు పెట్టే దండానికి అర్థం పెరుగుతుంది.

హంస చెప్పిన పాదంలో అగ్ని, సూర్యుడు, చంద్రుడు, మెరుపు ఉన్నాయి. ఏడు వారాల సెలవుల్లో చంద్రుడు ఒక చుట్టు పూర్తిచేసి రెండో చుట్టులో సగం దాటుతాడు. రోజూ రాత్రి చంద్రుడి బొమ్మ గీసి, పక్కన పంచాంగం చూసి తిథి రాస్తే చాలు. వేసవి గాలివానలో మెరుపు మెరిస్తే ఇంట్లోనే ఉండి, ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టించండి. మూడు సెకన్లకు దాదాపు ఒక కిలోమీటరు దూరం. భయపడే పిల్ల లెక్కలో పడి భయం మరిచిపోతుంది.

మద్గువు చెప్పిన పాదంలో ప్రాణం, కన్ను, చెవి, మనస్సు ఉన్నాయి. మొదటి మూడూ లోకాన్ని చూపిస్తే, ఇది లోకాన్ని చూసేవాడి వైపు తిప్పుతుంది. ఇక్కడ తాతయ్య, నాయనమ్మల అవసరం ఎక్కువ. చెవికి వాళ్ల నోటి పద్యం, కంటికి గట్టిగా చదివే ఒక పేజీ తెలుగు, ప్రాణానికి కాసేపు నిదానమైన ఊపిరి, మనస్సుకు ఆ రోజు ఏం తోచిందో రాసుకునే నాలుగు వాక్యాలు. రోజుకు అరగంట పట్టదు. జూన్‌లో ఎక్కాలు, ఒత్తులు మళ్లీ మొదటినుంచి నేర్పాల్సిన పని తప్పుతుంది.

సత్యకాముడి కథలో ఒక చిన్న వివరం తేలిగ్గా కంటికి ఆనకుండా పోతుంది. తిరుగుదారిలో పొద్దుగూకిన ప్రతిసారీ సత్యకాముడు ఆవులను ఒకచోట కట్టడి చేసి, అగ్ని వెలిగించి, సమిధ వేసి, తూర్పుముఖంగా కూర్చున్నాడు. అలా కూర్చున్న తర్వాతే పాఠం వచ్చింది. అగ్ని పలికిన సాయంత్రమూ, పక్షులు వచ్చిన సాయంత్రాలూ అదే వరుస. పగలంతా పని, సంధ్యవేళ నిశ్చలం. మన ఇళ్లలో దీపం పెట్టే వేళకు టీవీ, ఫోన్లు పక్కన పెట్టి అందరూ ఒక్కచోట కూర్చుంటే ఆ వరుస మనకూ వస్తుంది. పెద్దలు ఫోన్ చూస్తూ పిల్లలను పుస్తకం చూడమంటే మాత్రం ఆ మాట చెల్లదు.

తోటి పిల్లల సంగతీ మరవకూడదు. సెలవుల నడుమనే వైశాఖ శుద్ధ చతుర్దశినాడు నృసింహ జయంతి వస్తుంది. ప్రహ్లాదుడి కథలో అతని గురువులైన చండామార్కులు ఇంటి పనుల్లో పడిన సమయంలో పిల్లలు అతణ్ని ఆటకు పిలిచారు. దొరికిన ఆ కాస్త తీరికలోనే ప్రహ్లాదుడు వాళ్లకు హరిభక్తి గురించి చెప్పాడు. అయ్యవార్లు లేనప్పుడు నడిచిన ఆ తరగతినే భాగవతం సప్తమ స్కంధం నిలబెట్టుకుంది. పక్కింటి చిన్నవాడికి మీ అబ్బాయితో అక్షరాలు దిద్దించండి. నేర్చినదాన్ని మరొకరికి చెప్పే ప్రవచనం, తాను చదువుకునే స్వాధ్యాయానికి జోడు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి సత్యం, తపస్సు, అతిథిసేవ వంటి ప్రతి ధర్మం పక్కనా స్వాధ్యాయ ప్రవచనాలను చేర్చి చెప్పింది కూడా ఇందుకే.

సత్యకాముడు వెయ్యి ఆవులతో ఆశ్రమం చేరాడు. గురువు ముందు మంద లెక్క అడగలేదు. శిష్యుడి ముఖంలో బ్రహ్మజ్ఞాని తేజస్సు చూసి, నీకెవరు బోధించారని అడిగాడు. మనుషులు కారని సత్యకాముడు నిజం చెప్పాడు. అయినా మీ నోటనే వినాలని ఉంది, ఆచార్యుడి వల్ల తెలిసిన విద్యే సార్థకమవుతుందని విన్నాను అన్నాడు. గౌతముడు అదే విద్యను ఏ లోపమూ లేకుండా మళ్లీ చెప్పాడు.

వేసవిలో నేర్చుకున్న పిల్లలకు జూన్‌లో కావలసిన సంస్కారం ఇదే. ‘ఇది నాకు ముందే తెలుసు’ అని తరగతిలో మొహం తిప్పుకునేలా చేస్తే ఆ చదువు అహంకారానికి మేత అవుతుంది. తెలిసినదాన్నే గురువు నోట మరోసారి శ్రద్ధగా వినగలిగితే అది విద్య అవుతుంది. బడి తెరిచే ముందు రోజు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ సెలవుల్లో నీకు ఎవరెవరు పాఠం చెప్పారని అడగండి. వాళ్లు చెప్పే పేర్లలో మీ పేరు కూడా ఉండేలా చూసుకోవడం మీ వంతు.