పాత మాను, కొత్త కొమ్మ

ఇటలీ దేశపు ఆగ్నేయ కొసన ఉన్న సాలెంటో ప్రాంతంలో శతాబ్దాల వయస్సు గల ఆలివ్ వృక్షాలు ఎండిపోవడానికి మూలం జైలెల్లా ఫాస్టిడియోసా అనే బాక్టీరియా అని 2013లో గుర్తించారు. కొమ్మల రసాన్ని పీల్చే ఒక చిన్న కీటకం దీనిని చెట్టు నుండి చెట్టుకు మోస్తుంది. అది నివసించేది దారువులో, అంటే వేళ్ల నుండి ఆకులకు నీటిని చేర్చే సన్నని నాళాలలో. అక్కడ గుంపులు కట్టి, జిగురు పొరలతో దారిని మూసివేస్తుంది. నేలలో తడి ఉన్నా ఆకు దాహంతో మాడిపోతుంది.

అయితే పక్కపక్కనే నిలిచిన చెట్లన్నీ ఒకే విధంగా నశించలేదు. ఆ సీమ సంప్రదాయ రకాలైన ఒల్యారోలా సాలెంటీనా, చెల్లీనా ది నార్దో కూలిపోగా, లెచ్చీనో అనే రకం రోగం సోకినా చాలావరకు పచ్చగా నిలిచింది. దానిలో బాక్టీరియా సుమారు వంద రెట్లు తక్కువగా కనిపించింది. ఈ భేదానికి ఒక కారణాన్ని పరిశోధకులు కలప నిర్మాణంలో వెదికారు. నాళపు వ్యాసం సగమైతే అది మోయగల నీరు పదహారో వంతుకు పడిపోతుంది. కనుక వెడల్పైన నాళం చెట్టుకు వరమే. కాని అటువంటిది ఒక్కటి మూసుకుపోయినా కలిగే నష్టం కూడ అంతే పెద్దది. లెచ్చీనో నాళాలలో గాలి చొరబడి నీటిధార తెగిపోవడం తక్కువ. తెగినా తిరిగి నింపుకొనే శక్తి ఎక్కువ. నిరోధానికి ఇదొక్కటే కారణమని చెప్పడానికి వీలులేదు. పైగా లెచ్చీనో శత్రువును వెళ్లగొట్టలేదు, దానితో కలిసి బ్రతుకుతున్నది. దీనిని ఆరోగ్యమనవచ్చునా? చెట్టు యజమాని అవునంటాడు. పొరుగు తోటవాడు సందేహిస్తాడు.

ఈ పొరుగువాని సందేహమే చట్టమైంది. రోగగ్రస్తమైన చెట్టు చుట్టూ 100 మీటర్ల లోపున రోగం సోకగల మొక్కలను, అవి ఆరోగ్యంగా ఉన్నా సరే, నిర్దిష్ట ప్రాంతాలలో తొలగించాలని ఐరోపా సంఘం 2015లో నిర్దేశించింది. రైతులు ప్రతిఘటించారు. 2016లో ఐరోపా న్యాయస్థానం ఆ నియమాన్ని సమర్థించింది. 2020లో ఆ దూరం 50 మీటర్లకు తగ్గింది. రోగం లేని చెట్టు రాబోయే రోగానికి శిక్ష అనుభవించడం న్యాయమా అన్న ప్రశ్నను మాత్రం మీటర్లు తీర్చలేవు.

కొందరు నరకడానికి బదులు మరొక మార్గం పట్టారు. ప్రాచీనమైన మానును నిలిపి, దాని తలను తొలగించి, లెచ్చీనో కొమ్మలను అంటుకట్టారు. రథమంటే ఇరుసా, చక్రాలా, కాడియా అని మిలిందరాజును నాగసేన భిక్షువు నిలదీసిన సందర్భం ఇక్కడ గుర్తుకు రాక మానదు. అంటుకట్టిన చెట్టు వేరు పాతది, మాను పాతది, నీడ ఆకృతి కొంత పాతది; ఆకు, కాయ, నూనె రుచి కొత్తవి. తాతలు నాటిన చెట్టు దక్కినదనడం అసత్యం కాదు, పూర్తి సత్యమూ కాదు. అయినా శూన్యమైన నేలకంటె ఆ అర్ధసత్యం ఎన్నదగినదే. రైతుకు మాత్రం ఒక పని మిగిలి ఉంటుంది. అంటు దిగువన, మాను నుండి చిగురించే కొమ్మలు పాత రకానివే. అవి రోగానికి సులువుగా లొంగేవి. ఏటేటా వాటిని అతడే స్వయంగా కోసివేయాలి.