ఎవరికి పడావు?

నా ఫోన్‌లో ఒక ఫోల్డర్ ఉంది. అందులో రెండే ఫొటోలు. మొదటిది 2020 జూన్‌లో తీసింది: ఎర్రనేల, గులకరాళ్లు, సర్కారు తుమ్మ, మధ్యమధ్యలో తంగేడు. రెండోది అదే గట్టు మీద నిలబడి 2024 అక్టోబర్‌లో తీసింది: కంది, జొన్న సాళ్లు, గట్ల వెంబడి గ్లిరిసిడియా, చిన్న నీటికుంట, వెనక మునగ చెట్లు. ఎవరికి చూపించినా ఒకటే మాట: "అబ్బ, ఎంత మార్చేశావ్ రా!" నేనూ అదే అనుకునేవాణ్ని.

పోయినేడాది ఒక సాయంత్రం ఆ మొదటి ఫొటోని జూమ్ చేసి చూస్తుంటే ఎడమ మూలన ఏవో నల్లటి చుక్కలు కనిపించాయి. మేకలు. ఏడెనిమిది ఉంటాయి. వాటి వెనక తుమ్మచెట్టు నీడలో, కొంగు తలమీదికి లాక్కుని కూర్చున్న ఒక మనిషి. నాలుగేళ్లుగా "చూడండి, ఎంత ఖాళీగా ఉండేదో" అని నేను అందరికీ చూపిస్తూ వచ్చిన ఫొటోలో ఒక మనిషి ఉంది.

ఆ మనిషికి నేను ఏమైనా బాకీ ఉన్నానా? ఈ ప్రశ్న అప్పట్నుంచీ వదల్లేదు.

జహీరాబాద్ దగ్గర మా తాతకి మూడెకరాలుండేది. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికి పటాన్‌చెరు వైపు వచ్చేశాడు. తాత పోయాక దున్నేవాళ్లు లేక భూమి పడావు పడింది, పద్దెనిమిదేళ్లు. లాక్‌డౌన్‌లో ఆఫీసు ఇంటికే వచ్చింది కాబట్టి నేను ఊరికి వెళ్లగలిగాను. వాలుకి అడ్డంగా కందకాలు తవ్వించాను. మొదటి ఏడు జనుము, ఉలవ చల్లి పూత మీద కలియదున్నించాను. రెండో ఏడు జొన్న, కంది, అలసంద కలిపి వేశాను. మూడో వానాకాలం నేల తవ్వితే వానపాములు కనిపించాయి. ఆ రోజు కలిగిన సంతోషాన్ని ఇవాళ్టికీ నేను తక్కువ చేసి మాట్లాడలేను. చెప్పుల్లేకుండా నడిస్తే నేల మెత్తబడటం అరికాలికి తెలుస్తుంది.

కానీ వీటన్నిటికంటే ముందు చేసిన పని ఒకటుంది. కంచె. చుట్టూ ఇనుప జాలీ, ఒక గేటు, దానికి తాళం. లక్షా ఎనభై వేలయింది. అది వేసిన వారానికి పక్క ఊరి అవ్వ ఒకామె మేకల్తో వచ్చి గేటు ముందు నిలబడింది. "బిడ్డా, గేటు ఏ యాళ్లకు తీస్తవ్?" అనడిగింది. మొక్కలు పెడుతున్నామవ్వా, మేకలొస్తే మిగలవు అన్నాను. "గంతే కద" అని తోలుకుని వెళ్లిపోయింది. గొడవేం లేదు. ఆ తర్వాతి బతుకమ్మకి ఇద్దరు ఆడపిల్లలు సంచి పట్టుకుని వచ్చారు, తంగేడు పూల కోసం. తంగేడంతా పీకేయించాను అప్పటికే. "ప్రతి ఏడు గీడనే కోస్తుంటిమి" అన్నారు. వాళ్లకేసి నవ్వి ఊరుకున్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

మన దేశంలో భూమి లెక్కలకి తొమ్మిది రకాల వర్గీకరణ ఉంది. ఈ ఏడు సాగు చేయకపోతే అది ఒక పద్దు. ఒకటి నుంచి ఐదేళ్లు చేయకపోతే ఇంకో పద్దు. ఐదేళ్లు దాటితే "సాగుకు పనికొచ్చే వృథా భూమి". మాది ఆ మూడో రకం. ఈ లెక్కలో కొలబద్ద నాగలే. అవ్వ మేకలు తిన్న ఆకు, పొయ్యిలోకి పోయిన తుమ్మ కట్టెలు, బతుకమ్మ మీదికెక్కిన తంగేడు, మొదటి వానకి మొలిచే తుమ్మికూర, వీటిలో దేనికీ పద్దు లేదు. పట్టించుకోకుండా వదిలేసిన భూమి అని నేను అంటున్నప్పుడు నిజానికి చెబుతున్నది ఒక్కటే, మా ఇంట్లోవాళ్లం పట్టించుకోలేదని.

ఈ చూపుకి పెద్ద తత్వశాస్త్ర వంశమే ఉంది. పదిహేడో శతాబ్దంలో జాన్ లాక్ ఆస్తి హక్కుని శ్రమ మీద నిలబెట్టాడు. ఎవరి చెమట నేలలో కలుస్తుందో ఆ నేల వాళ్లది, ప్రకృతికి వదిలేసింది వృథా. వినడానికి న్యాయంగా ఉంటుంది, దున్నేవాడిదే భూమి అన్న మన నినాదానికి దూరపు చుట్టంలా కూడా అనిపిస్తుంది. కానీ అదే వాదన అమెరికాలో వేటాడుతూ, ఏరుకుంటూ బతికిన మూలవాసుల నేలని "ఖాళీ" అని రాసుకోవడానికీ పనికొచ్చింది. మేకలు కాయడం శ్రమ కాదా? కాదని లాక్ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నా కంచె చెప్పేసింది.

మా వృత్తిలో దీనికో పోలిక ఉంది. ఎవరూ వాడట్లేదనుకుని ఒక పాత సర్వీస్‌ని ఆపేస్తాం. రికార్డుల్లో ఓనర్ పేరుండదు, డాక్యుమెంటేషన్ ఉండదు. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. ఎక్కడో ఎవరికో అదే ఆధారం. తేడా ఏంటంటే, అవ్వ దగ్గర నా నంబర్ లేదు.

అయితే ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడమే ధర్మమా? అదీ కాదు. ఫుకుఒకా రాసిన 'గడ్డిపరకతో విప్లవం' చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఉద్యోగం మానేసి ఊరికొచ్చిన కొత్తలో ఆయన నాన్నగారి నారింజ జాతి తోటని ఏమీ చేయకుండా వదిలేశాడు. కొమ్మలు చిక్కులు పడి, పురుగు పట్టి చెట్లు చచ్చాయి. మనిషి చెయ్యి ఒకసారి పడ్డాక, దాన్ని తీసేసినంత మాత్రాన ప్రకృతి తిరిగొచ్చేయదు, వదిలేయడం వేరు, సహజ వ్యవసాయం వేరు అని ఆయన అక్కడ నేర్చుకున్నాడు. మా పడావు కూడా అడవేం కాలేదు. ప్రతి వానకీ పైమట్టి వాగులోకి కొట్టుకుపోయేది. పద్దెనిమిదేళ్లు వదిలేసినందుకు నేలకి మేం బాకీ పడ్డమాట నిజం. నా చిక్కల్లా, ఆ బాకీ తీర్చే పనిలో ఇంకో బాకీ చేశాను.

రెండూ కలిపి తీర్చిన ఉదాహరణ వెతుక్కోవడానికి నేను దూరం పోనక్కర్లేదు. అదే జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో ఒక పని చేశాయి. పడావు పడ్డ భూముల రైతులకి సాగు కోసం అప్పిచ్చారు. వాళ్లు అప్పుని జొన్నల రూపంలో తిరిగి కట్టారు. ఆ జొన్నల్ని ఊళ్లోనే నిల్వ చేసి, పేద ఇళ్లకి తక్కువ ధరకి ఇచ్చారు. ఏ ఇల్లు పేదదో ఊరి మనుషులే కూర్చుని తేల్చారు. నేల బాగుపడింది, ఆ బాగుపడటంలో వాటా ఎవరికన్న మాట కూడా మొదట్లోనే తేల్చుకున్నారు. నేను జనుము ఎకరాకి ఎన్ని కిలోలు చల్లాలో నెలరోజులు చదివాను. ఈ రెండో ప్రశ్న అడగాలని కూడా తట్టలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పక్క పొలం అన్న ఒకరోజు నా కంది చూసి అన్నాడు: "మంచిగున్నది సారూ. మీకైతే నెలకింత జీతమొస్తది, నేల కోలుకునేదాంక ఆగుతరు. మాకు ఈ పంటకే అప్పు కట్టాలె." ఆయన ఎకరంన్నర కౌలుకి చేస్తాడు. 2018లో మొదలైన రైతుబంధులో ఎకరాకి సీజన్‌కి 4,000, ఆ తర్వాత 5,000 వచ్చేది, పట్టాదారుకి. సాగు చేస్తున్నారా లేదా అన్నదానితో పని లేదు. గడ్డి కూడా మొలవని మా పడావుకి ఆ డబ్బు వచ్చింది. కౌలుకి చేసే ఆయనకి రాలేదు. నా ఓపికకి ఎవరెవరు డబ్బు కడుతున్నారో ఫొటోల్లో కనపడదు.

తర్వాత ఏం చేశానంటే, పెద్దగా ఏం లేదు. అవ్వని వెతుక్కుంటూ వెళ్లాను. కంది కోశాక మంద పెట్టమని అడిగాను. మన దగ్గర పాత పద్ధతే: పంట తీశాక రాత్రిళ్లు గొర్లు, మేకలు పొలంలో పడుకుంటాయి, ఎరువు రైతుకి, గింజలు కాపరికి. ఆమె మేకలు, తమ్ముడి గొర్లు కలిపి నలభై దాకా వచ్చాయి. పది రాత్రులకి డబ్బులిచ్చాను, కందులూ ఇచ్చాను. నేలకి మంచిది, ఆమెకి మంచిది, నాకూ మనసు తేలికపడింది.

తేలికపడటమే నాకు అనుమానం. ఇదివరకు ఆమె ఎవర్నీ అడక్కుండా వచ్చేది. ఇప్పుడు నేను పిలిస్తే వస్తోంది. ఇదివరకు ఆ చోటు ఆమెకి అలవాటు, ఇప్పుడది నా మంచితనం. పాత పహాణీల్లో అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది, భూమి కాగితం మీద ఎవరిదైనా చేతిలో ఎవరికుందో రాసేవారు. 2020లో ధరణి వచ్చాక ఆ కాలమ్ పోయింది. అది ఉన్నప్పుడు కూడా మేకలు కాసే మనిషి పేరు అందులోకి ఎక్కేది కాదులెండి. కానీ పట్టా, అనుభవం రెండు వేరువేరు సంగతులని కనీసం ఆ కాగితానికి తెలుసు.

పోయిన దసరా ముందు వాగు పక్కన అరెకరం కంచె వెనక్కి జరిపించాను. తంగేడు వేర్లు పూర్తిగా పోలేదు, మళ్లీ లేస్తోంది. అవ్వ వచ్చి, జాలీ తీసేసిన గుంతలు ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచింది. తర్వాత నావైపు తిరిగి అడిగింది: "మళ్ల ఎప్పుడు మూస్తవ్ బిడ్డా?"

మూయను అవ్వా అన్నాను. నిజంగానే అన్నాను. కానీ రేపు నేను అమ్మేసినా, నా కొడుక్కి అక్కడ మామిడి పెట్టాలనిపించినా, ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.