అరుదు, వెల, విలువ: పరిమిత సంఖ్యలో తయారైన ఫిల్మ్ కెమెరాల గురించి ఒక నైతిక విచారణ

తెలుగులో ‘అరుదు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి: ఆశ్చర్యం, తరచుగా దొరకకపోవడం. కావ్యభాషలో మొదటి అర్థం విరివిగా కనిపిస్తుంది. నేటి వ్యవహారంలో రెండవదే ఎక్కువ. ఒక వస్తువు కొద్దిగా దొరుకుతుంది కనుక ఆశ్చర్యం కలిగిస్తుందా, ఆశ్చర్యకరం కనుక అరుదనిపించుకుంటుందా అన్న ప్రశ్నను పాత ఫిల్మ్ కెమెరాల సేకరణ కొత్తగా ముందుకు తెస్తున్నది.

2022 జూన్‌లో లైకా 0-సిరీస్‌కు చెందిన 105వ నంబరు కెమెరా వేలంలో 1 కోటీ 44 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. 35 మి.మీ. ఫిల్మ్‌తో పనిచేసే చిన్న కెమెరాకు ఆదరణ ఉంటుందో లేదో తెలుసుకోవడానికి జర్మనీలోని వెట్జ్‌లార్‌లో 1923 ప్రాంతంలో తయారుచేసిన, రెండు డజన్లకు మించని ప్రయోగాత్మక యంత్రాలలో అది ఒకటి. దాని రూపకర్త ఆస్కార్ బర్నాక్ స్వయంగా వాడినది. వ్యూఫైండర్‌పై ఆయన పేరు చెక్కి ఉంది. అరుదు కావాలని దానిని ఎవరూ తయారుచేయలేదు. ప్రయోగం ఫలించి 1925లో లైకా బజారుకు వచ్చింది. ఆ తరువాతి ఫోటోగ్రఫీ చరిత్రే ఈ కొద్దిపాటి యంత్రాలను అరుదైనవిగా మార్చింది.

1989 నాటి సంగతి వేరు. ఫోటోగ్రఫీకి 150 ఏళ్లు నిండిన సందర్భంగా అదే సంస్థ ప్లాటినం పూత పూసిన ఎం6 కెమెరాలను 1,250 మాత్రమే తయారుచేసింది. ఇక్కడ కొరత కాలం చేసినది కాదు, ముందుగా ప్రకటించినది. చెప్పు తొడుక్కోవడానికీ మారకానికీ కూడా పనికివస్తుందనీ, అయితే అది మారకం కోసం పుట్టినది కాదనీ అరిస్టాటిల్ ‘రాజనీతి’ మొదటి భాగంలో అంటాడు. పుట్టుకలోనే దాచుకోవడానికి ఉద్దేశించిన కెమెరా ఎదుట ఆ విభజన తడబడుతుంది. దాని సహజ ప్రయోజనం ఫోటో తీయడమా, అద్దాల బీరువాలో ఉండడమా?

సేకర్త పక్షాన బలంగా వాదించినవాడు వాల్టర్ బెన్యమిన్. తన గ్రంథాలయాన్ని గురించి 1931లో రాసిన వ్యాసంలో, సేకరించిన పుస్తకాలన్నీ చదవకపోవడాన్ని ఆయన దోషంగా చూడడు. (యాంత్రిక పునరుత్పత్తి కళాఖండపు ప్రభామండలాన్ని హరిస్తుందని తరువాత చెప్పినవాడూ ఆయనే. ఆ పునరుత్పత్తికి సాధనమైన కెమెరాకే నేడు ప్రభామండలం ఏర్పడడం విచిత్రం.) అయితే పుస్తకానికి చెల్లిన వాదం కెమెరాకు పూర్తిగా చెల్లదు. చదవని పుస్తకం చదవదగినదిగానే ఉంటుంది. వాడని కెమెరాలో కందెన గట్టిపడుతుంది, షట్టర్ వేగం తప్పుతుంది, గాలిలో తేమ ఉన్నచోట కటకానికి బూజు పడుతుంది. ముట్టుకోకుండా కాపాడడమే దానిని చెరచడం కావచ్చు. వస్తువు పట్ల బాధ్యత అనేది ఒకటుంటే, అది ఇక్కడ సేకర్తను నిలదీస్తుంది.

సేకర్తలను తేలికగా నిందించడమూ న్యాయం కాదు. వెల పలకకపోతే ఎన్నో యంత్రాలు పాత సామానులో కలిసిపోయేవి. వాటిని బాగుచేయగల పనితనమూ వాటితోనే పోయేది. కాలం మిగిల్చినదానిని కాపాడేవాడికీ, కృత్రిమమైన కొరతపై పందెం కాసేవాడికీ తేడా ఉంది. ఒకే మనిషిలో ఇద్దరూ ఉండవచ్చు గనుక ఆ తేడాను బయటినుంచి పట్టుకోవడం కష్టం.

తెలుగు నుడికారం ఇక్కడ కొంత సాయపడుతుంది. ‘వెలలేనిది’ అంటే అమూల్యం; ‘విలువలేనిది’ అంటే పనికిరానిది. ఈ రెండు మాటలను బజారు ఒకటి చేయగలదేమో గాని భాష చేయలేదు. 105వ నంబరు కెమెరాకు పలికిన వెల వెనుక ఒక మనిషి వాడకం ఉంది. 1989 నాటి ఎం6 విషయంలో పెట్టెలోంచి తీయని ప్రతికే గిరాకీ ఎక్కువ. అందులో 36 బొమ్మల ఫిల్మ్ చుట్ట ఒకటి నింపి వీధిలోకి వెళ్లిన యజమాని, ఆ లెక్క ప్రకారం, నష్టపోయినవాడు.