గురువు లేని వేళ నిలుచు నియమము

శ్రీమద్భాగవత సప్తమ స్కంధమున ప్రహ్లాదుని విద్యాభ్యాసము వర్ణింపబడినది. అతని గురువులైన చండామార్కులు సామాన్యులు కారు. శుక్రాచార్యుని కుమారులు, నీతిశాస్త్ర పండితులు. అయినను తమ మాట చెల్లనప్పుడు వారు బెత్తమునే కోరిరి. ఒకనాడు ఆ గురువులు గృహకృత్యములకై వెడలగా, బాలురు ప్రహ్లాదుని ఆటలకు పిలిచిరి. అతడు చిరునవ్వుతో, చెలిమితో మాటలాడెను. వారు ఆటవస్తువులు విడిచి, అతని చుట్టును చేరి, చూపును మనస్సును అతనియందే నిలిపి వినిరి. బెత్తము లేని వేళ అంతటి శ్రద్ధ ఎటనుండి వచ్చినది? బడిపిల్లల నడవడిని గూర్చి యోచించు ప్రతివారును ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెను.

నేడు ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. బెత్తము తొలగిన చోట ఏది నిలువవలెను? ఏదియు నిలువనిచో తరగతి కోలాహలమగును. బెత్తమునకు బదులు పరిహాసము నిలిచినచో లేత మనస్సు గాయపడును.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బాలబాలికలు 11 మొదలు 14 ఏండ్ల ప్రాయమువారు. ఆ వయస్సున బాల్యము పూర్తిగ వీడదు, యౌవనము పూర్తిగ రాదు. తోటివారి యెదుట చిన్నబోవుట వారికి సహింపరానిది. పైగా, అంతవరకు ఒకరిద్దరు ఉపాధ్యాయుల చెంత చదివినవారు ఆరవ తరగతిలో గంటకొక ఉపాధ్యాయుని చూతురు. ఒకరు అనుమతించిన దానిని వేరొకరు తప్పుపట్టుదురు. కావున ఏది తగును, ఏది తగదు అనునది తప్పు జరిగిన పిమ్మట గాక, జూన్ మాసమున బడి తెరచిన తొలి వారముననే తెలుపవలెను.

తెలుపు విధానము కూడ ముఖ్యము. ముందుగా పిల్లలనే అడుగవలెను: పాఠము వినుటకు మీకేది ఆటంకము? వారి సమాధానములనుండియే నాలుగైదు నియమములు ఏర్పడును. గంట కొట్టగనే స్థానమున కూర్చుండుట, ఒకరు మాటలాడునపుడు ఇతరులు వినుట, ఒకరి వస్తువును అడుగక తీయకుండుట, తప్పు చెప్పిన వానిని చూచి నవ్వకుండుట. వీనిని నల్లబల్లపై వ్రాసినంత మాత్రమున చాలదు. పద్యమును వల్లెవేయించునట్లు నడవడిని కూడ అభ్యాసము చేయింపవలెను. దసరా, సంక్రాంతి సెలవుల పిమ్మట మరల జ్ఞాపకము చేయవలెను. నియమము తప్పినవానిని నలుగురిలో నిందింపక, వేరుగ పిలిచి మాటలాడవలెను. చెరచినదానిని వానిచేతనే సరిచేయింపవలెను. బాగుగ చదువువానికొక న్యాయము, వెనుకబడినవానికొక న్యాయము పనికిరాదు.

వీటన్నిటికి మూలము ఉపాధ్యాయుని ఆచరణము. తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలో ఆచార్యుడు విద్య ముగించిన శిష్యునకు హితము బోధించుచు, మాయందలి మంచి నడవడినే అనుసరింపుము, ఇతరమును కాదు అను భావమును పలికెను. తన నడవడిని శిష్యుని పరీక్షకు నిలిపిన ఆ ఆచార్యుని వినయమెంతటిది! వేళకు రమ్మను ఉపాధ్యాయుడు తాను వేళకు రావలెను. పేరుపెట్టి వెక్కిరింపవలదను వాడు తాను వెక్కిరింపరాదు. దిద్ది యిచ్చెదనన్న పుస్తకమును అన్న దినముననే ఈయవలెను.

గురువు బాధ్యత అంతటితో తీరదు. సాందీపని యాశ్రమమున గురుపత్ని యాజ్ఞపై శ్రీకృష్ణుడును కుచేలుడును కట్టెలకై అడవికేగి, గాలివానలో చిక్కి, ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రి గడపిరి. సూర్యోదయము కాగానే సాందీపని స్వయముగ వారిని వెదకుచు అడవికేగెను. వారి కష్టమునకు నొచ్చుకొని ఆశీర్వదించెను. శిష్యులకు పని నియమించుట సులభము. ఆ పనిలో వారు తడిసినపుడు వెదకుచు వచ్చుటయే గురుత్వము.

గృహమున తల్లిదండ్రులును ఈ మార్గమునే అనుసరింపవలెను. బడిలో వినయము, ఇంట నిరంకుశత్వము అయినచో బిడ్డ రెండు ముఖములు ధరించుట నేర్చును. భయము పుట్టించిన నియమము గురువుతోపాటు గది దాటిపోవును. ఆదరముతో తెలిపి, కలిసి యేర్పరచుకొని, పెద్దలు తామాచరించి చూపిన నియమము గురువు లేని వేళను బిడ్డ హృదయమున నిలుచును. సర్వాంతర్యామియైన శ్రీహరి సాక్షిగ నడచుట ఆ పసివారికి అచటనే ప్రారంభమగును.