కోట తలుపు ఎవరి కోసం?

చట్టాన్ని గౌరవించాలని మన పిల్లలకు చిన్నప్పటి నుండి నేర్పుతాం. అది మంచి బోధే. అధికారులకు లోబడి ఉండాలని పునీత పౌలుగారు కూడా రోమీయులకు వ్రాశారు. అయితే చట్టం ప్రకారం దేశం విడిచిపోవలసిన మనిషి వచ్చి దేవాలయం తలుపు తడితే విశ్వాసి ఏమి చేయాలి? అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, హైలాండ్ పార్క్ అనే పట్టణంలోని ఒక ప్రొటెస్టంట్ సంఘానికి 2012లో నిజంగానే ఈ ప్రశ్న ఎదురైంది.

1990వ దశకంలో ఇండోనేషియాలో క్రైస్తవుల మీద, చైనా సంతతివారి మీద దాడులు జరిగాయి. 1998 మే నెలలో జకార్తా నగరం అల్లర్లతో తగలబడింది. ఆ రోజుల్లో ఎన్నో క్రైస్తవ కుటుంబాలు పర్యాటక వీసాలతో న్యూజెర్సీ చేరాయి. గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో పని దొరికింది. పిల్లలు అక్కడే పుట్టారు. పరాయి దేశంలో వారికి సంఘమే ఊరు, సంఘమే చుట్టం. ఆశ్రయం కోరేవారు వచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలన్న నియమం చాలామందికి తెలియనే తెలియదు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత కొన్ని దేశాల పురుషులు ప్రభుత్వం వద్ద పేర్లు నమోదు చేయించుకోవాలన్నారు. ఇండోనేషియా కూడా ఆ జాబితాలో ఉంది. వీరు నిజాయితీగా వెళ్లి పేర్లు ఇచ్చారు. చివరకు ఆ పేర్లే వారిని పట్టి ఇచ్చాయి.

2012లో పంపివేత ఉత్తరువులు వచ్చినప్పుడు తొమ్మిదిమంది ఆ దేవాలయంలో తలదాచుకున్నారు. పాస్టర్ సేత్ కేపర్-డేల్, ఆయన సంఘస్థులు దాదాపు ఏడాదిపాటు వారిని కాపాడారు. 2013లో అధికారులు తాత్కాలికంగా పట్టు సడలించారు. 2018 జనవరిలో అరెస్టులు మళ్లీ మొదలైతే, ఫిబ్రవరిలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి పంపివేతలను నిలిపివేశారు.

ఇది చట్టధిక్కారమా? పునీత తోమా అక్వినాస్‌గారు ఇలాంటి చిక్కునే ఒక ఉదాహరణతో విప్పారు. శత్రువులు ముట్టడించిన పట్టణంలో కోట తలుపులు మూసి ఉంచాలన్నది చట్టం. ఇంతలో పట్టణాన్ని కాపాడే మనుషులనే శత్రువు తరుముకొస్తున్నాడు. అప్పుడు తలుపు తెరవాలా, వద్దా? తెరవాలి అంటారాయన. ప్రజల క్షేమం కోసం పుట్టిన చట్టం వారి నాశనాన్ని కోరదు గనుక.

మరి ఎవరికి వారే ఇలా తీర్పు చెప్పుకుంటే చట్టం మిగులుతుందా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పెద్దలను అడిగే వ్యవధి లేని ఆపదలోనే ఇది చెల్లుతుందని తోమాగారే హద్దు గీశారు. హైలాండ్ పార్క్ సంఘం కూడా ఆ మనుషులను రహస్యంగా దాచలేదు. వారు ఎక్కడ ఉన్నారో లోకానికి చెప్పింది. ఒకపక్క ఆశ్రయం ఇస్తూనే మరోపక్క అధికారులకు మొరపెట్టుకుంది. చట్టాన్ని ఎగవేసేవాడు చీకటిని వెదుకుతాడు. చట్టం మనస్సాక్షిని మేల్కొలపాలనుకునేవాడు వెలుగులో నిలబడతాడు, వచ్చే శిక్షకు కూడా సిద్ధపడతాడు.

1917 నాటి మన తిరుసభ చట్టం దేవాలయానికి ఆశ్రయ హక్కు ఉందని చెప్పింది. 1983 నాటి చట్టంలో ఆ మాట లేదు. హక్కు పోయింది గాని బాధ్యత పోలేదు. 1952లో 12వ పయస్ పోపుగారు వలసదారుల గురించి వెలువరించిన పత్రంలో, ఐగుప్తుకు పారిపోయిన తిరుకుటుంబాన్నే వలస కుటుంబాలన్నిటికీ ఆదర్శంగా చూపారు.

మన విచారణల్లోనూ గల్ఫ్‌కు బిడ్డలను పంపిన తల్లులు ఉన్నారు. పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కిన కొడుకు కోసం వారు జపమాల పట్టుకుని కన్నీరు కారుస్తారు. అక్కడ ఎవరైనా వాడికి తలుపు తీయాలని కోరుకుంటారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే ఒడిశా నుండి వచ్చి మన ఊరి ఇటుకబట్టీలో పనిచేసే కుటుంబం ఆదివారం పూజకు వచ్చి వెనుక నిలబడితే, జరిగి చోటిచ్చేవారు మనలో ఎందరు? పూజ ముగిశాక వారి పేరు అడిగేవారు ఎందరు? ఇందుకు ఏ చట్టమూ అడ్డు లేదు. ఇక్కడ తలుపు మూసింది మనమే.